గడువు శుక్రవారమే: ఏది వదలొచ్చు, ఏది వదలకూడదు

కడపలో ఇంజనీరింగ్ విద్యార్థులు, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసేవారి ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈరోజు మాట్లాడబోయేది మీకు బాగా తెలిసిన బాధే. శుక్రవారం సాయంత్రానికి ప్రాజెక్టు అప్పజెప్పాలి. మిగిలిన పని చూస్తే ఇంకో మూడు వారాలకు సరిపోయేంత ఉంది. పాఠాల్లో నాణ్యత విషయంలో రాజీ పడొద్దని చెబుతారు. ఆఫీసులో ముందు ఇచ్చేద్దాం, తర్వాత చూసుకుందాం అంటారు. రెండు మాటలూ సగం సగమే. వ్యాపారి డబ్బు పెట్టాడు, సీజను మొదలయ్యేలోగా కావాలంటాడు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. కాబట్టి ఏదో ఒకటి వదలక తప్పదు. తేల్చుకోవాల్సిందల్లా ఏది వదలాలన్నదే. ఈ వారం వదిలిన పనిని మూడు నెలల తర్వాత ఒక పూటలో చేసుకోగలిగితే, నిశ్చింతగా వదిలేయండి. మూడు నెలల తర్వాత చేయాలంటే లక్ష రికార్డులు తిరగరాయాల్సి వస్తుందా, దాన్ని మాత్రం శుక్రవారం మధ్యాహ్నమైనా సరే వదలకండి. ఈ గంటలో నేను చెప్పేదంతా ఈ రెంటినీ ఎలా వేరు చేయాలన్నదే.

ముందు ఒక మాట. రాసిన ప్రోగ్రాము అరిగిపోదు, తుప్పు పట్టదు. మరి దానికి మరమ్మతులు ఎందుకు? చుట్టూ ఉన్న లోకం మారుతుంది కాబట్టి. సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు మానీ లేమన్ 1974లోనే ఈ సంగతిని ఒక సూత్రంగా చెప్పాడు: నిజ జీవితంలో వాడుకలో ఉన్న ప్రోగ్రాము మారుతూ పోవాలి, మారకపోతే రోజురోజుకూ పనికిరాకుండా పోతుంది. ఇంకో సూత్రం కూడా ఉంది. మార్చే కొద్దీ అది చిక్కుపడుతుంది, ఆ చిక్కు తీయడానికి విడిగా పని చేస్తే తప్ప. ఈ రెండూ కలిపి చూస్తే మన వృత్తి మొత్తం కనిపిస్తుంది.

మన ఊరి లెక్కలోనే చూడండి. 2010లో కడప జిల్లా వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అయింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2017 జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, ఇక్కడి నుంచి అన్నమయ్య విడిపోయాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులను దాదాపు అన్ని సరుకులకూ ఎత్తేశారు. పదిహేనేళ్లలో ఇన్ని. వీటిలో ఒక్కటైనా ప్రోగ్రాము రాసినవాడి తప్పు వల్ల వచ్చింది కాదు. అయినా ప్రతిసారీ రాత్రంతా కూర్చున్నది ప్రోగ్రామరే.

ఇప్పుడు ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లా మనది కాబట్టి సిమెంటు డీలరు బిల్లుల సాఫ్ట్‌వేర్ తీసుకుందాం. బస్తాలు, ధర, పన్ను, హమాలీ, లారీ బాడుగ, అప్పు ఖాతా. ఇంతే కదా అనిపిస్తుంది. ఇందులో ఏ భాగం ఎంతకాలం బతుకుతుందో ఆలోచించండి. స్క్రీను మూడు నాలుగేళ్లకు మారిపోతుంది. లెక్కలు కట్టే కోడు ఎనిమిది పదేళ్లు ఉంటుంది. బయటివాళ్ల ప్రోగ్రాములు మనదాన్ని పిలిచే దారి, అంటే ఏపీఐ, ఒక్కసారి ఇచ్చాక, వాళ్లు వదిలేదాకా ఉంటుంది. డేటా మాత్రం వీటన్నిటికంటే ఎక్కువ కాలం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మార్చిన డీలరు కూడా పాత ఖాతాలు కొత్తదాంట్లోకి ఎక్కించమనే అడుగుతాడు. అందుకే తొందర ఉన్నప్పుడు స్క్రీను దగ్గర తగ్గించుకోండి, డేటా దగ్గర తగ్గించుకోకండి. మన దగ్గర సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. డెమోలో కనిపించేది స్క్రీనే కాబట్టి రంగుల మీద నాలుగు రోజులు పెట్టి, డేటా దాచే టేబుళ్లను ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు.

టేబుళ్ల దగ్గర కాసేపు ఆగుదాం, అసలు నష్టమంతా అక్కడే పుడుతుంది.

మొదటిది గుర్తింపు సంఖ్య. కస్టమరు నంబరులో జిల్లా, సంవత్సరం, డీలరు రకం అన్నీ కూర్చడం చాలామందికి ఇష్టం. చూడగానే అర్థమవుతుందంటారు. బండి నంబర్లు ఏమయ్యాయో చూడండి. ఏపీ 04 అంటే కడప, ఏపీ 02 అంటే అనంతపురం, ఏపీ 21 అంటే కర్నూలు. మొదటి నాలుగు అక్షరాలు చూసి జిల్లా రాబట్టే కోడు ఎన్ని లారీ ఆఫీసుల్లో ఉండేదో. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఆ కోడు ఎర్రరు కూడా ఇవ్వలేదు, ‘జిల్లా: తెలియదు’ అని నిశ్శబ్దంగా నింపుకుంటూ పోయింది. తప్పు చెప్పి ఆగిపోయే కోడు కంటే తప్పును నింపుకుంటూ పోయే కోడు ప్రమాదం. నంబరుకు అర్థం ఉండకూడదు, వరుస సంఖ్య చాలు. జిల్లా వేరే కాలమ్‌లో ఉండాలి. మనుషులకు చూపించడానికి అందమైన నంబరు కావాలంటే ఇంకో కాలమ్ పెట్టండి, దాన్ని మాత్రం టేబుళ్లను కలిపే తాళంగా వాడకండి. ఫోను నంబరునూ అలా వాడకండి. మనిషి నంబరు మారుస్తాడు. పాత నంబరు కొన్నాళ్లకు వేరొకరి చేతికి పోతుంది.

రెండోది తేదీతో మారే విలువలు. సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, సెప్టెంబర్ 22 నుంచి 18 అయింది. కోడులో 28 అని ఎన్నిచోట్ల రాసి ఉంటుంది? బిల్లు లెక్కలో, ప్రింటు ఫార్మాట్‌లో, వాపసు సరుకు స్క్రీనులో, నెలవారీ రిపోర్టులో, మొబైల్ యాప్‌లో. 28 అని వెతికితే ఫిబ్రవరి రోజులు కూడా దొరుకుతాయి. దీనికి మందు తెలిసిందే: రేట్ల టేబుల్. అందులో సరుకు వర్గం, శాతం, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. ‘నుంచి’ తేదీ లోపలికి లెక్క, ‘వరకు’ తేదీ బయటికి లెక్క. పాత వరుసలో ‘వరకు’ సెప్టెంబర్ 22, కొత్త వరుసలో ‘నుంచి’ కూడా సెప్టెంబర్ 22. అప్పుడు మధ్యలో ఖాళీ ఉండదు, ఒకే రోజుకు రెండు రేట్లూ దొరకవు. రెండింటినీ లోపలికి లెక్కపెడితే 21వ తేదీ రాత్రి 11 గంటల 59 నిమిషాల 59 సెకన్లా, ఆ తర్వాతి అర సెకను ఎవరిది అనే గొడవ మొదలవుతుంది.

టేబుల్ పెట్టి ఊరుకుంటే చాలదు. బిల్లు వరుసలోనే ఆ రోజు వేసిన శాతం, పన్ను మొత్తం రాసి ఉంచాలి. ఎందుకంటారా? 20వ తేదీన 100 బస్తాలు తీసుకుపోయినవాడు 25న పది బస్తాలు వాపసు తెచ్చాడు. వాపసు చీటీ కట్టేటప్పుడు ఈరోజు రేటు చూడకూడదు, ఆ బిల్లులో ఏం వేశామో అది చూడాలి. పాత బిల్లు మళ్లీ ప్రింటు తీసినా పాత అంకెలే రావాలి. జరిగిపోయిన లావాదేవీని తిరిగి లెక్క కట్టకూడదు, రాసినదాన్ని చదవాలి.

మూడోది డబ్బు. దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ రకంలో డబ్బు దాచొద్దని మొదటి ఏడాదిలోనే చెబుతారు, అయినా దాస్తారు. 0.1, 0.2 కలిపితే అది 0.3 అని చెప్పదు, చివర ఎక్కడో ఒక ముక్క మిగులుతుంది. పైసల్లో పూర్ణసంఖ్యగా పెట్టండి, లేదా 12 అంకెలు, రెండు దశాంశాల డెసిమల్ రకం వాడండి. అంతకంటే ఎక్కువ గొడవ తెచ్చేది గుండ్రం చేయడం. మూడు వరుసల్లో ఒక్కోదానికి పన్ను 10.335 రూపాయలు వచ్చిందనుకోండి. వరుస వరుసకూ గుండ్రం చేస్తే 10.34 చొప్పున 31.02. మొత్తం కలిపాక చేస్తే 31.005, అంటే 31.01. ఒక్క పైసా తేడా. కానీ బిల్లు ఒక పద్ధతిలో, నెల రిపోర్టు ఇంకో పద్ధతిలో కడితే, నెలాఖరుకు అకౌంటెంటు ఆ తేడా ఎక్కడిదో వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఏ పద్ధతన్నది డీలరు అకౌంటెంటును అడిగి తేల్చుకోండి, ఒకే ఒక్క ఫంక్షన్‌లో రాయండి, అందరూ దాన్నే పిలవాలి. దీనికి పట్టేది అరగంట.

నాలుగోది పేరు. తెలుగు సంకేతం ఒక్కోటి, అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, 3 బైట్లు తీసుకుంటుంది. ‘శ్రీనివాసులు’ అనే పేరులో వత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కపెడితే 12 సంకేతాలు, అంటే 36 బైట్లు. ఒరాకిల్ డేటాబేసులో పేరు గడి పొడవును వార్‌క్యార్2 30 అని రాస్తే మామూలుగా అది 30 బైట్లు. మన జిల్లాలో వీధికి ఇద్దరున్న పేరు పట్టదు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినన్నాళ్లూ ఈ తప్పు బయటపడదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో పేరుకు యూటీఎఫ్8 అని ఉన్న పాత రకం 3 బైట్ల దాకే పడుతుంది. తెలుగు సరిపోతుంది, వాట్సాప్ నుంచి కాపీ చేసిన 4 బైట్ల ఎమోజీ బొమ్మ ఒకటి చిరునామాలో పడితే మాత్రం ఆగిపోతుంది. మొదటిరోజే 4 బైట్లు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 పెట్టుకుంటే సరి. మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులు పెట్టడం ఇంకో తంటా. ఇంటిపేరు ముందు రాసేవాళ్లుంటారు, పొడి అక్షరంతో సరిపెట్టేవాళ్లుంటారు, ఒకే పేరు ఉన్నవాళ్లూ ఉంటారు. పూర్తి పేరు అని ఒక్క గడి చాలు. ఇక అను ఫాంట్లలో టైపు చేసిన పాత జాబితాలు మీ చేతికొస్తే, తెరమీద తెలుగులాగే కనిపించినా లోపల ఉన్నది అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్ కాదు. ఎక్కించేముందే మార్చుకోండి, ఎక్కించాక రెండు రకాలూ కలిసిపోతే వేరు చేయడం నరకం.

ఐదోది కాలం. సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దాచి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి. ఇంకొకటి. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల కాల లెక్క 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే రకానికి ఇదే హద్దు. ఇంకా చానా కాలం ఉంది కదా అంటారు. ఈరోజు 20 ఏళ్ల ఇంటి రుణం ఇస్తే చివరి కిస్తీ తేదీ 2038 దాటుతుంది. రుణాల సాఫ్ట్‌వేర్‌కు 2038 ఎప్పుడో వచ్చేసింది. అలాంటి తేదీలకు డేట్ రకం వాడండి, అది 9999 దాకా పోతుంది.

ఇవన్నీ కలిపినా ఒకటిన్నర రోజు పనే. పది రోజుల ప్రాజెక్టులో ఒకటిన్నర రోజు ఇక్కడ పెట్టలేమంటే నేను నమ్మను.

సరే, అప్పటికే తప్పు జరిగిపోయి, వ్యాపారం నడుస్తుండగా టేబుల్ మార్చాల్సి వస్తే? కస్టమరు టేబుల్‌లో జిల్లా పేరు అక్షరాల్లో ఉంది, దాన్ని జిల్లాల టేబుల్‌కు కలపాలి. ఆదివారం రాత్రి అంతా ఒకేసారి మార్చేస్తాం అనేవాళ్లుంటారు. సోమవారం పొద్దున ఏదో తప్పితే వెనక్కి పోవడానికి దారి ఉండదు, పాత కోడుకు కావలసిన కాలమ్ అప్పటికే పోయింది. విడతలుగా చేయండి. మొదటి విడతలో కొత్త కాలమ్ కలపండి, ఖాళీగా ఉండొచ్చని చెప్పండి, కోడు పాతదాంట్లోనూ కొత్తదాంట్లోనూ రాయాలి. రెండో విడతలో పాత వరుసలు నింపండి. రెండు మూడు వేల వరుసలు ఒకసారికి, మధ్యలో కొద్దిగా విరామం. పది లక్షల వరుసలు ఒకే దెబ్బకు మారిస్తే బిల్లింగు కౌంటరు ఆగిపోతుంది. ఇక్కడే నిజాలు బయటపడతాయి: కడప, కుడ్డప, వైఎస్సార్, వైఎస్సార్ కడప, కడప పక్కన ఒక ఖాళీ. వీటి జాబితా తీసి మనిషి కూర్చుని జత చేయాల్సిందే. ఖాళీలు సున్నా అయ్యాక మూడో విడత, కోడు కొత్త కాలమ్ నుంచి చదవడం మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఒక నెలాఖరు దాటేదాకా ఆగండి. పాత కాలమ్‌ను చదివే రిపోర్టు ఒకటి ఎక్కడో ఉంటుంది, అది నెలకోసారే బయటికొస్తుంది. అది కూడా గడిచాకే పాతదాంట్లో రాయడం ఆపి, దాన్ని తీసేయండి. ప్రతి విడత తర్వాతా వెనక్కి పోగలగాలి. ఏపీఐ మార్చేటప్పుడూ ఇదే వరుస, కాకపోతే ‘నెలాఖరు’ బదులు ‘ఆఖరి వాడకందారు మారేదాకా’.

ఇక కోడు విషయం. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ ఒక పత్రంలో ఒకే ప్రోగ్రామును రెండు రకాలుగా ముక్కలు చేసి చూపించాడు. ఒక రకంలో పని జరిగే వరుస ప్రకారం: చదవడం, క్రమంలో పేర్చడం, రాయడం. రెండో రకంలో ఒక్కో ముక్క, రేపు మారే అవకాశం ఉన్న ఒక్కో నిర్ణయాన్ని తనలో దాచుకుంటుంది. మార్పు వచ్చినప్పుడు మొదటి రకంలో అన్ని ముక్కలూ కదులుతాయి, రెండో రకంలో ఒకటే కదులుతుంది. అర్ధశతాబ్దం దాటినా ఇంతకంటే మంచి కొలత ఇంకా రాలేదని నా అభిప్రాయం.

మన డీలరు సాఫ్ట్‌వేర్‌లో ఎస్సెమ్మెస్ చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం వ్యాపార సందేశం నమూనాను డీఎల్‌టీ అనే రిజిస్టరులో ముందే నమోదు చేయించాలి. పంపిన మాటలు నమోదైన నమూనాతో కలవకపోతే సందేశం ఆపరేటరు దగ్గరే ఆగిపోతుంది. ఎవరో కోడులో ‘మీ బాకీ’ని ‘మీ బకాయి’ అని మార్చారు, సందేశాలు ఆగిపోయాయి, స్క్రీను మీద మాత్రం ‘పంపబడింది’ అనే ఉంది. కాబట్టి ఎస్సెమ్మెస్ కంపెనీ పేరు, నమూనా నంబరు, దాని మాటలు అన్నీ ఒక్కచోట ఉండాలి. మిగతా కోడుకు ‘ఈ కస్టమరుకు బాకీ సందేశం పంపు’ అన్నంతవరకే తెలియాలి. ప్రింటరు, పన్ను లెక్క, పేమెంటు గేట్‌వే కూడా అంతే. ఈ నాలుగు చోట్ల గోడలు కట్టండి.

మిగతా చోట్ల కట్టకండి. ఇది కూడా గట్టిగానే చెప్పాలి. దీర్ఘకాలం నిలవాలనే పేరుతో జరిగే పాడు తక్కువేమీ కాదు. ఒకే ఒక్క డీలరు వాడే సాఫ్ట్‌వేర్‌కు పది మైక్రోసర్వీసులు (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు), ఏ డేటాబేసైనా మార్చుకునే వెసులుబాటు, స్క్రీను మీద గడులను కూడా కాన్ఫిగరేషన్ ఫైలుతో నడిపే యంత్రాంగం. రేపు ఏం మారుతుందో ముందే ఊహించి కట్టిన వెసులుబాటుల్లో చాలావాటిని ఎవరూ వాడరు, వచ్చిన మార్పు మాత్రం వేరే వైపు నుంచి వస్తుంది. ఒకే పని రెండుచోట్ల రాసి ఉంటే ఉండనివ్వండి. మూడోచోట రాయాల్సి వచ్చినప్పుడు, అవి నిజంగా ఒకే పనా లేక చూడ్డానికి ఒకేలా ఉన్నాయా అని చూసుకుని అప్పుడు కలపండి. తప్పుగా కలిపినదాన్ని విడదీయడం, రెండుచోట్ల ఉన్నదాన్ని కలపడం కంటే చానా కష్టం.

ఈ జిల్లాలో మాట్లాడుతూ పోరుమామిళ్ల చెరువు ప్రస్తావన లేకుండా ఉండలేను. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు, 1369 నాటి శాసనం. మంచి చెరువుకు ఉండాల్సినవి 12, ఉండకూడని దోషాలు 6 అని అందులో చెక్కించారు. కట్టలోంచి నీరు కారడం, చవుడు నేల, నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం. మిగిలిన ఒక్కటి నన్ను ఆపేసింది: రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండడం. అది నేల దోషమూ కాదు, నీటి దోషమూ కాదు, చూసుకునేవాళ్ల దోషం. రెండు టీముల మధ్య ఉండే మాడ్యూలు అదే. బిల్లింగు టీము, గోడౌను టీము ఇద్దరూ స్టాకు టేబుల్‌లో నేరుగా రాస్తారు. స్టాకు తప్పు వస్తే ఎవరూ తమది అనరు. ప్రోగ్రామరు మెల్విన్ కాన్వే 1968లో చెప్పింది కూడా ఇలాంటిదే: సంస్థలో మనుషుల మధ్య మాటలు ఎలా నడుస్తాయో వాళ్లు కట్టే వ్యవస్థ ఆకారమూ అలాగే వస్తుంది. ప్రతి టేబుల్‌కూ రాసే హక్కు ఒక్క మాడ్యూలుకే ఉండాలి, మిగతావాళ్లు దాన్ని అడిగి రాయించుకోవాలి. కాగితం మీద టేబుళ్ల పేర్లు, పక్కన ఒక్కో యజమాని పేరు రాయండి. రెండు పేర్లు పడిన చోట దోషం ఉన్నట్టే.

టెస్టుల గురించి త్వరగా చెప్పేస్తా. కోడులో 80 శాతాన్ని టెస్టులు నడపాలి అనే కవరేజీ అంకె వెంట పడకండి. డబ్బు, తేదీ, స్టాకు లెక్కలకు 20 టెస్టులు గట్టిగా రాయండి, అందులో రేటు మారే రోజు, వాపసు, సున్నా బస్తాలు, మార్చి 31 ఉండాలి. ఎవరో రాసిపోయిన పాత కోడు చేతికొస్తే, దాన్ని ముట్టుకునేముందు నిజమైన బిల్లులు 200 తీసి వాటి ఫలితాలను ఫైలులో దాచండి. మార్పు చేశాక మళ్లీ నడిపి పోల్చండి. తేడా వస్తే అది మీరు కావాలని చేసిన తేడానా కాదా, అంతే ప్రశ్న. పాత ఫలితమే తప్పు కావచ్చు, ఆ సంగతి వేరుగా తేల్చుకోండి, ఒకే మార్పులో రెండూ కలపకండి.

బయటి లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు, ఇంకో పెద్ద చిక్కు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, ప్రపంచమంతా ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. అక్షరాల ఎడమ పక్క ఖాళీలు పెట్టే పని, అంతే. 2021 డిసెంబర్‌లో లాగ్4జే అనే లైబ్రరీలో భద్రతా లోపం బయటపడినప్పుడు చాలా సంస్థలకు అసలు ఆ లైబ్రరీ తమ దగ్గర ఎక్కడుందో కూడా తెలియదు, వాళ్లు తెచ్చుకున్న వేరే లైబ్రరీ లోపల అది కూర్చుని ఉంది. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగింది. పదకొండేళ్ల ముందే పైథాన్ 3 వచ్చినా ఆఖరి నెల దాకా కదలనివాళ్లున్నారు. చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉంచే లాక్ ఫైలును, కోడు మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టండి. నెలకు ఒక పూట అప్‌డేట్ల కోసం ఉంచుకోండి, చిన్న వెర్షన్లు అప్పుడే ఎక్కించండి. ఐదు పెద్ద వెర్షన్లు వెనకబడ్డాక ఒకేసారి ఎక్కించడానికి కూర్చుంటే ఏ మార్పు వల్ల ఏది విరిగిందో తేలదు. 20 వరుసల్లో మీరే రాసుకోగలిగినదానికి లైబ్రరీ తెచ్చుకోకండి. గుప్తలిపి, తేదీల గణితం, పీడీఎఫ్ తయారీ మాత్రం మీరు రాయకండి.

గడువు ఒత్తిడిలో నిస్సంకోచంగా వదలదగినవి కూడా చెప్పాలి కదా. అడ్మిన్ స్క్రీన్లు వదిలేయండి, మొదటి రెండు నెలలు రేటు మార్చడానికి డేటాబేసుకు ఆదేశాలు రాసిన ఒక ఎస్‌క్యూఎల్ ఫైలు చాలు, కాకపోతే ఆ ఫైలు గిట్‌లో ఉండాలి. అందమైన రిపోర్టులు వదిలేయండి, ఎక్సెల్‌కు దించుకునే బటన్ ఇస్తే అకౌంటెంటు మీకంటే బాగా చేసుకుంటాడు. ఫలితాలను దగ్గర దాచుకుని వేగం పెంచే క్యాషింగు వద్దు, రోజుకు 300 బిల్లులు కొట్టే చోట దానితో పనిలేదు. బ్యాకప్ మాత్రం వదలొద్దు. ఇంకా చెప్పాలంటే, తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనొద్దు. నెలకోసారి వేరే మిషన్‌లో ఎక్కించి, నిన్నటి ఆఖరి బిల్లు కనిపిస్తుందో లేదో చూడండి.

వదిలినవాటిని ఎక్కడ రాస్తారు? కోడులో ‘తర్వాత చేయాలి’ అని రాసిన వ్యాఖ్య ఎవరికీ కనబడదు. 1992లో ప్రోగ్రామరు వార్డ్ కనింగ్‌హామ్ దీన్ని అప్పుతో పోల్చాడు. ఆ మాటను ఇప్పుడు చెత్తగా రాయడానికి పర్మిట్‌లాగా వాడుతున్నారు. ఆయన ఉద్దేశం అది కాదు: ఈరోజు మనకు అర్థమైనంతలో శుభ్రంగా రాసి ఇచ్చేద్దాం, ఎక్కువ అర్థమయ్యాక దానికి తగ్గట్టు తిరిగి సర్దుదాం, ఆ సర్దడం మానేస్తేనే వడ్డీ పెరుగుతుంది. కాబట్టి ఒక పట్టిక పెట్టండి. ఏం వదిలాం, ఏ ఫైలులో, ఏం జరిగితే చేయక తప్పదు, ఎన్ని రోజులు పడుతుంది. ‘రెండో గోడౌను తెరిస్తే స్టాకు టేబుల్‌కు గోడౌను నంబరు కలపాలి, మూడు రోజులు.’ ఇలా ఉండాలి. ఇది డీలరుకు కూడా చూపించండి. ఆయనకు అప్పు పద్దులు మనకంటే బాగా తెలుసు. రెండో గోడౌనుకు అద్దె మాట్లాడేటప్పుడే మీకు ఫోను చేస్తాడు.

మేనేజరును రీఫ్యాక్టరింగుకు, అంటే చేసే పని మార్చకుండా కోడును సర్దడానికి, రెండు వారాలు ఇవ్వమని అడగకండి, ఇవ్వరు, ఇవ్వకపోవడంలో అన్యాయమూ లేదు. ఏం కొంటున్నారో వాళ్లకు కనిపించదు. దాని బదులు ఒక కొలత పట్టుకోండి: ఒకే రకం మార్పు, ఉదాహరణకు బిల్లులో కొత్త ఛార్జీ ఒకటి కలపడం, అడిగిన రోజు నుంచి కౌంటరులో పనిచేసే రోజు దాకా ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని ఫైళ్లు ముట్టుకున్నారు. నిరుడు రెండు రోజులు, నాలుగు ఫైళ్లు. ఈ ఏడాది తొమ్మిది రోజులు, 23 ఫైళ్లు. ఇలాంటి అంకెలు ముందు పెడితే మేనేజరే అడుగుతాడు ఏం చేద్దామని. గిట్ చరిత్రలో ఏ ఫైలు ఎక్కువసార్లు మారిందో చూడండి. పాడుగా ఉండి కూడా రెండేళ్లుగా ఎవరూ ముట్టని ఫైలును అలాగే ఉండనివ్వండి. వారం వారం మారే ఫైలునే, ఎలాగూ ముట్టుకుంటున్న రోజున, కొంచెం కొంచెంగా సర్దండి. ఆలస్యమైన ప్రాజెక్టుకు ఇంకో నలుగురిని కలుపుతామని ఎవరైనా అంటే, ఇంకా ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పిపోయాడు. కొత్తవాళ్లకు నేర్పేది పాతవాళ్లే, వాళ్ల పని అప్పుడు ఆగుతుంది.

మన ఊళ్లో ఇంకో నిజం ఉంది. ఏడాది పని నేర్చుకున్న పిల్లోడు బెంగళూరు బస్సెక్కుతాడు. ఎక్కాలి కూడా. అందుకని కొత్తగా వచ్చినవాడు మొదటి రోజు తన మిషన్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఒక గంటలో నడపగలగాలి, దానికి కావలసిన మెట్లన్నీ రాసి ఉండాలి. పెద్ద నిర్ణయాలకు అరపేజీ చొప్పున: తేదీ, ఏం నిర్ణయించాం, ఇంకేం ఆలోచించాం, ఎందుకు వద్దనుకున్నాం, ఏం మారితే మళ్లీ ఆలోచించాలి. ఇంకా, కోడులో పేర్లు డీలరు నోట్లో ఉన్నవే పెట్టండి. ఆయన హమాలీ అంటే కాలమ్ పేరు కూడా హమాలీయే ఉండాలి. ‘లేబర్ ఛార్జ్ 2’ అని పెడితే, 2 అంటే ఎక్కించడానికా దించడానికా అని రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ప్రశ్నలు. అవును, మీరు, మూడో వరుసలో.

ప్రశ్న: సార్, మా కస్టమరు దగ్గర ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు భాషలో రాసిన ప్రోగ్రాము ఉంది. మొత్తం కొత్తగా రాసివ్వమంటున్నారు. ఆరు నెలలు గడువు. ఒప్పుకోవచ్చా?

ఆరు నెలల తర్వాత ఒకే రోజున మొత్తం మారుస్తామంటే ఒప్పుకోకండి. మార్చడం మాత్రం అవసరమే. విజువల్ ఫాక్స్‌ప్రో ఆఖరి వెర్షన్ 9, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరిలో ఆగిపోయింది. పైగా అందులో ఒక టేబుల్ ఫైలు 2 జీబీ దాటలేదు. ముందు ఫైలు సైజులు చూడండి, మీకు ఉన్న అసలు గడువు అక్కడ తెలుస్తుంది.

మొదట చదివే పనులు తీసుకోండి. రోజూ రాత్రి పాత డేటాను కొత్త డేటాబేసులోకి కాపీ చేసి, రిపోర్టులు మాత్రం కొత్తదాంట్లో ఇవ్వండి. ఏమైనా తప్పితే నష్టం లేదు, పాత రిపోర్టు ఉండనే ఉంది. ఈ దశలోనే పాత లెక్కల్లో దాగిన వింతలన్నీ బయటికొస్తాయి, ఎవరో ఒక పెద్ద కస్టమరుకు మాత్రం ఎప్పుడో పెట్టిన ప్రత్యేక తగ్గింపు లాంటివి. వాటిని తప్పులనుకుని తీసేయకండి, అడగండి. తర్వాత రాసే పనులు ఒక్కొక్కటిగా, ముందు రసీదులు, ఆ తర్వాత బిల్లులు, స్టాకు ఆఖరున. ఒక్కో పని మార్చినప్పుడు ఒక నెలాఖరు దాకా రెండుచోట్లా నడిపి మొత్తాలు పోల్చండి. రెండుచోట్ల ఎంట్రీ కొట్టాలంటే కౌంటరు అబ్బాయి ఒప్పుకోడు, కాబట్టి ఒకచోట కొడితే రెండోచోటికి పోయేలా మీరే చూసుకోవాలి. ఏప్రిల్‌లో, దసరా ముందు మార్పులు పెట్టుకోకండి.

అంతా అయ్యాక పాత మిషన్‌ను పాత ఇనుముకు వేసేయొద్దని కస్టమరుకు చెప్పండి. జీఎస్టీ లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు ఉంచాలి. పాత బిల్లులను మామూలు అక్షరాల సీఎస్వీ ఫైళ్లలోకి, పీడీఎఫ్‌లోకి దించి, రెండు వేర్వేరు చోట్ల పెట్టి, వాటిలో ఏదో ఒక పాత బిల్లును తెరిచి చూశాకే ఆ మిషన్ స్విచ్ ఆపండి.